జపాను 'కత', మన జిల్లా కథ

జపాను భాషలో ఒక పని ఎలా చేయాలో చెప్పడానికి 'కత' అనే చిన్న మాట ఉంది. మన ఊళ్ళల్లో కథని కూడా కత అనే అంటారు, కానీ దీని అసలు అర్థం వైపు, దిక్కు. 'యోము' అంటే చదవడం. దాన్ని 'యోమి' చేసి కత తగిలిస్తే 'యోమికత', చదివే తీరు. అలాగే 'కకు' నుంచి 'కకికత', రాసే తీరు. మనం 'ఉత్తరం రాసే తీరు' అంటే వాళ్ళు మధ్యలో 'యొక్క' లాంటి 'నో' పెట్టి 'తెగమి నో కకికత' అంటారు. కత చేరగానే క్రియ కాస్తా నామవాచకం అయిపోతుంది మరి. తెలుగులో తీరు, మరాఠీలో పద్ధత్ కూడా చివరనే వస్తాయి కాబట్టి మనకిది కష్టమేం కాదు.

చరిత్ర వ్యాసంలో వ్యాకరణం ఎందుకంటే, ఈ మాటలు ఒకప్పుడు బడిలో పాఠాల పేర్లు. 1900లో జపాను ప్రభుత్వం ప్రాథమిక బడుల చట్టం మార్చి 'కొకుగో', అంటే దేశభాష, అనే సబ్జెక్టు పెట్టింది. యోమికత, కకికత, త్సుజురికత అందులో భాగాలు. మూడోది సొంతంగా వ్యాసం కూర్చే తీరు. అప్పటిదాకా హిరగానా లిపిలో ఒకే శబ్దానికి ఎన్నో రూపాలుండేవి. ఆ ఏడే బడుల కోసం శబ్దానికి ఒక్క అక్షరం ఖాయం చేశారు. పిల్లలకి ఎంత హాయో! కానీ అందరికీ కాదు. ఒకినావా దీవుల బడుల్లో సొంత భాష మాట్లాడిన పిల్లల మెడలో 'హోగెన్ ఫుద' అనే పలక వేసేవారు.

ఆ చదువులు చూడటానికి 1922లో మన రాజ్యం నుంచే ఒకాయన వెళ్ళారు. అప్పుడు నాందేడ్ నిజాం గారి హైదరాబాద్ రాజ్యంలో ఉండేది. విద్యాశాఖ డైరెక్టర్ సయ్యద్ రాస్ మసూద్ జపాను వెళ్ళొచ్చి 1923లో ఇంగ్లిషులో పుస్తకం రాశారు. అక్కడ పైచదువులు కూడా జపాను భాషలోనే. ఇక్కడ 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో నేర్పేది. ఇంగ్లిషు లేకుండా పెద్ద చదువు చెప్పడం గొప్ప ధైర్యమే. అయితే రాజ్యంలో అందరికన్నా ఎక్కువమంది తెలుగువాళ్ళు, నాందేడ్‌లో మరాఠీవాళ్ళు. ఇంట్లో ఉర్దూ లేని పిల్లలకి అది సొంత భాష ఎట్లా అవుతుంది? జపాను పాఠం సగమే నేర్చుకున్నారని నాకనిపిస్తుంది.

1956లో ఆ రాజ్యం విడిపోయింది. నాందేడ్ బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో మహారాష్ట్రలోకి వచ్చింది. బిలోలి, దెగ్లూర్, ధర్మాబాద్ వైపు తెలుగు ఇళ్ళు ఇటే ఉండిపోయాయి. అదే 1956లో రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేర్చారు. భాషాపరమైన మైనారిటీ పిల్లలకి ప్రాథమిక చదువు మాతృభాషలో అందేలా ఏర్పాట్లు చేయాలని అది చెబుతుంది. ప్రాథమికం వరకే!

తెలుగులో సైన్సు చదివిన మేము పది అయ్యాక మరాఠీకో ఇంగ్లిషుకో మారాలి. జపానులో 'షికత గ నై' అంటారు, చేసే తీరు లేదు అని. మా పెద్దవాళ్ళు 'ఏం చేస్తాం' అంటారు, అదే మాట. మా సీనియర్లు మాత్రం రెండు భాషల మాటలు పక్కపక్కన రాసిన నోటుబుక్కు మాకిచ్చి వెళ్ళారు. అందులో కిరణజన్య సంయోగక్రియకి ఎదురుగా 'ప్రకాశ సంశ్లేషణ్' అని ఉంది.