పల్సర్ రోష్నీకి అందాజు

అందాజు అనే మాటను మిర్చి కల్లం దగ్గర మనం తేలిగ్గా వాడేస్తాం. సితారాల దగ్గర అది చాలా ఖరీదైన మాట.

హిజ్రీ 446లో, అంటే 1054లో, మిథునంలో కొత్త సితారా ఒకటి వెలిగిందనీ ఆ ఏడే వబా ప్రబలిందనీ బగ్దాద్ హకీం ఇబ్న్ బుత్లాన్ రాశాడు. ఆయన ఈసాయీ. ఆ రాతను మన దాకా చేర్చింది ముస్లిం హకీం ఇబ్న్ అబీ ఉసైబియా. ఇల్మ్‌కు మజ్‌హబ్ గోడల్లేని జమానా అది! చీనా దర్బారు వాళ్లూ ఆ ఏడు ఒక కొత్త సితారాను చూసి రాసుకున్నారు. ఆ పేలుడు మిగిల్చిందే క్రాబ్ పల్సర్ అంటారు. అది సెకనుకు 30 సార్లు తిరుగుతుంది.

దాని చుట్టు రోజుకు సుమారు 36 నానోసెకన్లు ఆలస్యమవుతోంది. అలా కోల్పోయే తాకత్ సూరజ్ వెలుగుకు లక్ష రెట్లకు పైనే. ఇది పల్సర్ ఆమ్దనీ. ఇందులో గామా కిరణాలుగా ఖర్చయ్యేదెంత? ఇక్కడే హిసాబ్ చిక్కుపడుతుంది. కనిగిరి కొండెక్కి రాత్రి పామూరు రోడ్డు వైపు చూడండి: దూరపు లారీ లైటూ, దగ్గరి బైకు లైటూ ఒక్కలాగే ఉంటాయి. ఫాసలా తెలియాలి. అందులో రెండింతలు పొరబడితే రోష్నీ నాలుగింతలు తప్పుతుంది. పైగా పల్సర్ వెలుగు మసీదు మినార్ దీపంలా నాలుగు వైపులా పరుచుకోదు, టార్చిలా తిరుగుతుంది. మనకు తగిలిన ముక్కతో మొత్తాన్ని ఊహించాలి.

మన హైదరాబాదుకు ఈ కథలో జాగా ఉంది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో విలాయత్ నుంచి 15 అంగుళాల దుర్బీన్ తెప్పించి పెట్టిన రసద్‌గాహ్, ఆయన ఇంతెకాల్ తర్వాత 1908లో నిజాం హుకూమత్ చేతికొచ్చింది. పల్సర్ల ఊసే లేని ఆ రోజుల్లో అక్కడి మనుషులు ఫోటో పలకల మీద లక్షల సితారాల జాగాలు కొలిచారు. ఇంత ఓపిక పనికి మన తారీఖ్ పుస్తకాలు ఒక పేరా కూడా ఇవ్వవు.

గామా కిరణాలు నేల దాకా రావు. అందుకే 1969లో టాటా ఇన్‌స్టిట్యూట్ హైదరాబాదులో బెలూన్ కేంద్రం పెట్టింది. భూమి అయస్కాంత మధ్యరేఖకు దగ్గర కాబట్టి ఇక్కడ ఆస్మాన్ నుంచి పడే కాస్మిక్ కణాల గోల తక్కువ.

2008లో ఎగిరిన ఫెర్మీ ఉపగ్రహం లెక్క ప్రకారం క్రాబ్ తన ఆమ్దనీలో వెయ్యో వంతు మాత్రమే గామాలో ఖర్చు పెడుతుంది. కొన్ని పల్సర్లకు మాత్రం ఆమ్దనీ కంటే ఖర్చే ఎక్కువ తేలింది. అప్పుడు ముందుగా ఫాసలానే మళ్లీ కొలుస్తారు.