తెలుగు పిల్లల బొమ్మల పుస్తకాల్లో దళిత బాల్యం

దళిత, ముస్లిం, బహుజన కుటుంబాల పిల్లలే నాయకులుగా, వాళ్ల ఇళ్లూ పనులూ తిండీ బొమ్మకెక్కేలా వచ్చిన తెలుగు పుస్తకాల చరిత్ర చిన్నది. అందులో ముఖ్యమైన ఏడాది 2008.

తెలుగు పిల్లలకు బొమ్మల కథ అంటే చాలాకాలం 'చందమామ'. 1947 జులైలో దాన్ని మొదలుపెట్టిన బి. నాగిరెడ్డి కడప జిల్లా పొట్టిపాడులో పుట్టినవారు. అంతమాత్రాన అందులో రాయలసీమ యాస, సీమ పల్లె దొరుకుతాయనుకుంటే నిరాశే. వడ్డాది పాపయ్య, ఎం.టి.వి. ఆచార్య, శంకర్ వంటివారి కుంచె గొప్పది. అయితే ఆ రంగుల్లో వెలిగింది ఎక్కువగా పురాణాలూ రాచకొలువులే; మాలపల్లె, మాదిగవాడ పిల్లలకు తమ ముఖం వెతుక్కునే చోటు లేదు.

అమెరికాలో ఇలాంటి లోటునే 1965లో విద్యావేత్త నాన్సీ లారిక్ లెక్కగట్టి చూపారు: మూడేళ్లలో వచ్చిన 5,206 పిల్లల పుస్తకాల్లో నల్లజాతివారు ఒక్కరైనా ఉన్నవి 349. అక్కడ నల్లజాతి రచయితల పిల్లల పుస్తకాలకు 1969లో మొదలైన కొరెట్టా స్కాట్ కింగ్ అవార్డును 1974 నుంచి చిత్రకారులకూ ఇస్తున్నారు. తెలుగులో అలాంటి లెక్కా లేదు, అవార్డూ లేదు.

ఆ లోటు తీర్చే పని హైదరాబాద్‌లోని అన్వేషి మహిళా పరిశోధన కేంద్రం మరోలా చేసింది. 2008లో 'డిఫరెంట్ టేల్స్' పేరుతో తెలుగు, మలయాళం, ఇంగ్లిష్ భాషల్లో బొమ్మల పుస్తకాలు తెచ్చింది. గోగు శ్యామల కథలో బాలమణి తెల్లవారుజామున చేనికి నీళ్లు పెట్టబోయి, మీదికొచ్చిన దొరను మట్టికరిపిస్తుంది. ఆమెదే మరో కథలో బడెయ్య తల్లి కాళ్లకు చెప్పులు కుడతాడు. తోలుపని ఇక్కడ జాలి పుట్టించే విషయం కాదు, పిల్లవాడి నేర్పు. మహమ్మద్ ఖదీర్‌బాబు కథలో ముస్లిం ఇంట తలకాయ కూర వండుకునే సంబరం ఉంది. దానికి బొమ్మలు వేసింది బరోడాకు చెందిన ప్రసిద్ధ చిత్రకారుడు గులాం మహమ్మద్ షేక్. పిల్లల పుస్తకానికి ఆ స్థాయి చేయి పడటం తెలుగులో అరుదు.

ఈ వరుసలోనే రెండు పేర్లున్న పిల్లవాడి కథ రాసిన ఎం.ఎం. వినోదిని కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులు. సీమలోనే కర్నూలులో మరో దారి కనిపిస్తుంది: ఎం. హరికిషన్ రాయలసీమ జానపద కథలను సేకరించి, పిల్లలకు అర్థమయ్యే తేలిక మాటల్లో తిరిగి చెబుతున్నారు.