గాలి పెట్టిన తోడు: బెల్జియము దేశపు గూజ్ కథ

పాలు తోడుపెట్టునప్పుడు మన యిండ్లలో నిన్నటి పెరుగు కొంచెము కలుపుదురు. ఇడ్లీపిండికి అట్టి తోడు అక్కరలేదు. మినపపప్పును, బియ్యపు రవ్వను నానవేసి రుబ్బి యుంచినచో తెల్లవారుసరికి పిండి తనంతట తానే పొంగి పులియును. పప్పును అంటిపెట్టుకొని వచ్చిన సూక్ష్మజీవులే ఆ పని చేయును. ఐరోపాలో బీరు చరిత్రయు ఇట్లే రెండు దారులుగా చీలినది. తోడు వేయు దారి నేటి పెద్ద కర్మాగారములది. తోడు వేయని దారిలో నేటికిని నిలిచియున్న వానిలో ప్రసిద్ధమైనది బెల్జియము దేశపు గూజ్ అను పుల్లని బీరు. మద్యమును మెచ్చుకొనుట ఈ వ్యాసము ఉద్దేశము కాదు. సూక్ష్మజీవశాస్త్రము తన తీర్పును తానే ఎట్లు సవరించుకొన్నదో తెలుపుటకు ఈ కథ చక్కని నిదర్శనము.

బెల్జియము రాజధానియగు బ్రసెల్సు సెన్ అను చిన్న నదిపై వెలసినది. ఆ నది లోయలోను, నగరమునకు నైరుతి దిశనున్న పాజొటెన్‌లాండ్ పల్లెలలోను లాంబిక్ అను బీరును చిరకాలముగా తయారుచేయుచున్నారు. గూజ్‌కు మూలము ఈ లాంబిక్కే. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని, మొలకెత్తించని గోధుమలను వేడినీటిలో ఉంచి తీపిరసము తీయుదురు. గోధుమలు నూటికి 30 పాళ్లకు తగ్గరాదు. ఆ రసములో హాప్స్ అను తీగెపువ్వులు వేసి చాలసేపు మరిగింతురు. ఇతర బీరులలో ఈ పువ్వులు చేదు కొరకు వేయుదురు. లాంబిక్‌లో మాత్రము నిలువయుంచి చేదు తగ్గిన పువ్వులనే వాడుదురు. చేదు తగ్గినను, కొన్ని బాక్టీరియాలను అణచు గుణము వానిలో మిగిలియుండును.

మరిగిన రసమును లోతు తక్కువైన వెడల్పాటి తొట్టిలో పోసి, గాలి తగులునట్లు రాత్రియంతయు చల్లారనిత్తురు. ఈస్టు వేయరు. రాత్రిగాలి, కట్టడపు దూలములు, పాత పీపాల చెక్క, వీనియందలి సూక్ష్మజీవులే తోడు. అందుచేతనే ఈ పని అక్టోబరు మొదలు ఏప్రిలు వరకు గల చలినెలలలో జరుగును. వేసవిలో రసము త్వరగా చల్లారదు. దానిని చెడగొట్టు క్రిములును హెచ్చు.

రసము తీయు పద్ధతికిని ఒక చరిత్ర కలదు. బెల్జియము నెదర్లాండ్సు రాజ్యములో చేరియుండిన కాలమున, 1822లో, ధాన్యము నానబెట్టు తొట్టి పరిమాణమునుబట్టి బీరుపై పన్ను విధించిరి. అప్పుడు తయారీదారులు తొట్టిని ధాన్యముతో కిక్కిరియ నింపి, మడ్డిరసమును పలుమార్లు తోడి వేరుగా కాచు పద్ధతికి అలవాటుపడిరి. ఇట్టి రసములో సాధారణపు ఈస్టు జీర్ణించుకొనలేని డెక్స్ట్రినులు అధికముగా మిగులును. సంవత్సరముల తరబడి పీపాలలో సాగు కిణ్వనమునకు ఇవే ఆహారము.

పీపాలోని లాంబిక్‌లో నురుగు దాదాపు ఉండదు. పుట్టిన వాయువు బయటికి పోవును. ఏడాది లాంబిక్‌లో పులియదగిన పదార్థము ఇంకను మిగిలియుండును. మూడేండ్ల లాంబిక్‌లో రుచి పండును గాని ఆహారము అడుగంటును. కనుక ఒకటి, రెండు, మూడు ఏండ్ల లాంబిక్‌లను తగు పాళ్లలో కలిపి, దళసరి సీసాలలో నింపి, బిరడా బిగించి, అడ్డముగా పేర్చుదురు. సీసాలో కిణ్వనము మరల సాగును. బొగ్గుపులుసు వాయువు బయటికి పోజాలక ద్రవములో కరగును. ఇదియే గూజ్. పులియదగిన పదార్థము మితిమీరిన సీసా పగులును. చాలకున్న నురుగు రాదు. ఏ పీపానుండి ఎంత కలుపవలెనో అనుభవముగల నాలుక నిర్ణయించును.

ఈ పని ఇట్లు సాగుచుండగా శాస్త్రము తన తీర్పు చెప్పెను. లూయీ పాశ్చర్ 1876లో బీరునుగూర్చి ఒక గ్రంథము ప్రకటించి, బీరు చెడుటకు పరాయి సూక్ష్మజీవులే కారణమని చూపెను. 1883లో కోపెన్‌హేగెన్‌లోని కార్ల్స్‌బెర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ హాన్సెన్ ఒకే కణమునుండి శుద్ధమైన ఈస్టును పెంచు విధానమును సాధించెను. అప్పటినుండి శుద్ధమైన తోడే మంచి బీరుకు గుర్తయ్యెను. ఈ కొలతతో చూచినచో లాంబిక్ నిండ రోగములే! ఇతర బీరులను పాడుచేయు లాక్టిక్ ఆమ్ల బాక్టీరియాలే ఇందు ముఖ్యమైన పనివారు.

తీర్పును సవరించినదియు శాస్త్రమే. 1904లో కోపెన్‌హేగెన్‌లోనే క్లాసెన్ అను శాస్త్రజ్ఞుడు ఇంగ్లండు దేశపు నిలువబీరుల ప్రత్యేక రుచికి ఒక వేరు ఈస్టు కారణమని ప్రకటించి, బ్రిటిషు శిలీంధ్రము అను అర్థము వచ్చునట్లు దానికి బ్రెటానోమైసిస్ అని పేరిడెను. 1921లో కుఫెరాత్, వాన్ లేర్ అనువారు లాంబిక్‌లో అట్టి ఈస్టును గుర్తించిరి. బ్రెటానోమైసిస్ బ్రక్సెలెన్సిస్ అను జాతినామమున బ్రసెల్సు పేరు నిలిచిపోయినది.

లాంబిక్ పీపాలలో జరుగునది అరాచకము కాదనియు, ఒక క్రమము కలదనియు 1977లో లూవెన్ పరిశోధకులు వివరించిరి. 2014లో ప్రకటితమైన మరియొక పరిశోధన, డి.ఎన్.ఏ. పరీక్షల సహాయముతో, దానిని బలపరచెను. మొదటి నెలలో ఎంటెరోబాక్టీరియా పెరుగును. ఆమ్లము, ఆల్కహాలు హెచ్చిన కొలది అవి నశించును. సాకరోమైసిస్ ఈస్టు చక్కెరలను ఆల్కహాలుగా మార్చును. పీడియోకాకస్ బాక్టీరియా లాక్టిక్ ఆమ్లము నిచ్చును. తుదకు బ్రెటానోమైసిస్ మిగిలిన డెక్స్ట్రినులను మెల్లగా కరగించును. బీడునేలపై మొదట గడ్డి, పిదప పొదలు, పిదప వృక్షములు పెరుగు వరుసవంటిదే ఇది. అమెరికాలో ఇదే పద్ధతి ననుసరించిన బీరులోను ఇట్టి వరుసయే కలదని 2012లో తేలెను. కనుక ఇది కేవలము సెన్ లోయ గాలి మహిమ కాదు. పద్ధతియే తనకు కావలసిన జీవులను ఏరుకొనుచున్నది.

20వ శతాబ్దమున రెండు ప్రపంచయుద్ధములు, శుద్ధ ఈస్టు బీరుల పోటీ కలిసి లాంబిక్ తయారీకేంద్రములను చాలవరకు మూయించెను. 1900లో బ్రసెల్సులో నెలకొన్న కాంటియోన్ కర్మాగారము 1978లో తన ఆవరణనే ప్రదర్శనశాలగా తెరచెను. 1997లో ఐరోపా సమాజము గూజ్ సంప్రదాయమునకు చట్టరీత్యా గుర్తింపు నిచ్చెను. కాని గూజ్‌కు చట్టముకన్న చలిరాత్రి ముఖ్యము. 2015 శరదృతువున వాతావరణము మితిమీరి వెచ్చగా నుండుటచే బ్రసెల్సులో కొన్ని విడతల రసమును పారబోయవలసివచ్చెను. భూతాపము పెరిగిన కొలది తయారీకి అనువైన రాత్రులు తగ్గును.

ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలో చూపుటకు బెల్జియము పోనక్కరలేదు. రుబ్బిన వెంటనే ఇడ్లీపిండిని పి.హెచ్. కాగితముతో పరీక్షించి, మరునాటి ఉదయము మరల పరీక్షించిన చాలును. రాత్రి ఎవరును వేయని ఆమ్లము ఎక్కడినుండి వచ్చినదని విద్యార్థులు తప్పక అడుగుదురు.