కఱవుసీమలో వానలెక్క

వాతావరణపు మార్పును గూర్చి నేడు లోకమున జరుగుచున్న చర్చ మిక్కిలి పెద్దది. అందు పాల్గొనువారు మాత్రము మిక్కిలి కొద్దిమంది. వ్యాసములును ప్రసంగములును డిగ్రీలతోను శాతములతోను నిండియుండును. కర్నూలు నల్లరేగడిలోనో కడప గరుసునేలలోనో సేద్యము చేయువానికి అవి పరుల యింటి వ్యవహారమువలె తోచునుగాని తనవిగా తోచవు. ఇందులకు కారణము అతని యజ్ఞానమని చదువుకొన్నవారు తఱచుగా తలంతురు. ఈ రెండు జిల్లాల చరిత్రను పరికించినచో ఆ తలంపు నిలువదు. ఇచ్చటివారు వానను గూర్చియు నీటిని గూర్చియు ఆఱువందల యేండ్లకు పైగా ఆలోచించుచు వచ్చినారు. వారి మాటతో, వారి కొలతతో సాగిన విద్య ఊరిలో నిలిచినది. వారి నడుగక పైనుండి దిగిన విద్య వట్టిపోయినది.

కడప జిల్లా పోరుమామిళ్లలో భైరవుని గుడి ముందట రెండు రాతిపలకలపై నొక శాసనము కలదు. అది శాలివాహనశకము 1291, అనగా క్రీస్తుశకము 1369 నాటిది. మొదటి బుక్కరాయల కుమారుడై ఉదయగిరి నేలిన భాస్కర భవదూరుడు అచ్చట కట్టించిన అనంతరాజసాగరమను చెఱువు వృత్తాంతము అందున్నది. దినమునకు వేయిమంది కూలీలును నూఱు బండ్లును రెండేండ్లు పనిచేసినట్లు ఆ శాసనము చెప్పుచున్నది. అంతకంటె ముఖ్యమైన విషయము, మంచి చెఱువునకు పండ్రెండంగములను, ఆఱు దోషములను అది యెన్నుట. ధర్మమెఱిగిన రాజు, జలశాస్త్రము తెలిసిన బ్రాహ్మణుడు, గట్టినేల, తీయనీటి యేఱు మొదలగు అంగముల నెన్ని, తుదకు కట్టడపుపనిలో నేర్పరులగు జనులను గూడ అది చేర్చినది. కట్ట కాఱుట, నేల చవిటిదగుట, రెండు రాజ్యముల పొలిమేరలో నుండుట, చెఱువు నడుమ తాబేటివీపువలె మెఱక లేచుట దోషములు. మిగిలిన రెండు దోషములను చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను: నీరు స్వల్పమై తడుపవలసిన నేల విస్తారమగుట యొకటి, నీరు విస్తారమై నేల స్వల్పమగుట మఱియొకటి.

ఇంత మేలైన విద్యను సంస్కృతమున చెక్కించిరి. మన్ను మోసిన వేయిమందిలో దానిని చదివి తెలిసికొనగలిగినవారెందఱుందురు? పనివారి నేర్పును అంగముగా నెన్నిన శాసనమే ఆ పనివారికి తెలియని భాషలో నిలిచినది. నేటి విద్యకు పట్టిన జబ్బు నేటిది కాదు.

ఐదువందల యేండ్ల పిమ్మట మఱియొక నీటిపని ఈ సీమకు వచ్చినది. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ యను ఇంగ్లండు సంఘము పెట్టుబడిపై నూటికైదు వడ్డీకి దొరతనమువారి హామీ పొంది, తుంగభద్రపై సుంకేసుల కడ ఆనకట్ట కట్టి, అచ్చటినుండి కడప వఱకు కాలువ త్రవ్వించినది. 1871 నాటికి పని ముగిసినది. కాని నల్లరేగడి రైతు జొన్న, ప్రత్తి మొదలగు మెట్టపైరులకు అలవాటుపడినవాడు. అతని సేద్యపు తీరు కంపెనీవారి లెక్కలోనికి రాలేదు. కాలువలో నీరున్నను పొలములు దానిని కోరలేదు. తుదకు 1882లో దొరతనమువారే దానిని కొనవలసివచ్చెను. తరువాతి తరములలో అదే కాలువ విస్తారమైన పొలములను తడిపినది. కావున లోపము నీటియందు లేదు. ముందుగా జరుగవలసిన మాట జరుగకపోవుటయందున్నది.

ఇంతలో 1876లో వానలు తప్పెను. అది ధాతనామ సంవత్సరము. ఆ కఱవు ధాత కఱవైనది. 1871లో కర్నూలు జిల్లా జనసంఖ్య 9 లక్షల 14 వేలు. 1881లో 6 లక్షల 78 వేలు. అనగా పదియేండ్లలో నాలుగవవంతునకు పైగా జనము తగ్గిపోయెను. ఆ కాలముననే, 1877 జనవరి 1న, ఢిల్లీలో విక్టోరియారాణిని చక్రవర్తినిగా చాటుటకు గొప్ప దర్బారు జరిగెను. కఱవుపనులలోని కూలీలకు దినమునకొక పౌను ధాన్యమును, కొలదిపాటి డబ్బును చాలునని సర్ రిచర్డు టెంపులు నిర్ణయించెను. ఈ దేశపు గోధుమ ఓడలకెక్కి ఇంగ్లండునకు పోవుచునే యుండెను. వాన తప్పుట ఆకాశపు పని. అందఱును చచ్చుట మాత్రము ఆకాశపు పని కాదు. ఈ భేదమును పల్లెవారెఱుగుదురు. కావుననే 1866 నాటి కఱవులో అన్నము పెట్టిన ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిని పాటగట్టి పాడుకొనిరి. ధాతసంవత్సరము 1936లోను 1996లోను మఱల వచ్చినది. ధాత కఱవు అనినచో మాత్రము 1876 నాటిదే. పేరు పెట్టి జ్ఞాపకముంచుకొనుట యనునది ప్రజలు వ్రాసికొన్న చరిత్ర.

ఆనాడు వాన యేల తప్పినదో తెలియుటకు చాలకాలము పట్టెను. భారత వాతావరణశాఖ 1875లో పుట్టెను. మఱుసటి యేడే ఈ కఱవు వచ్చెను. ఆ శాఖకు మొదటి యధికారియైన బ్లాన్‌ఫర్డు దొర హిమాలయపు మంచునకును మన వానలకును గల సంబంధమును వెదకెను. 1904 నుండి 1924 వఱకు ఆ శాఖను నడపిన గిల్బర్టు వాకరు, హిందూమహాసముద్రముపై గాలియొత్తిడి హెచ్చినప్పుడు పసిఫిక్కుపై తగ్గుననియు, ఇచ్చట తగ్గినప్పుడు అచ్చట హెచ్చుననియు కనిపెట్టెను. 1877లో పసిఫిక్కు సముద్రము అసాధారణముగా వేడెక్కియుండెనని నేటి పండితులు చెప్పుచున్నారు. కర్నూలు, కడప, బళ్లారి బీదల మరణములు ఈ శాస్త్రమును తొందరపెట్టినవి. అట్టి శాస్త్రము ఆ బీదల మునిమనుమలకు వారి భాషలో ఇంకను పూర్తిగా చేరలేదు. ఇది శాస్త్రము తీర్పవలసిన ఋణము.

ఈ ఋణమును తీర్చుటకు కావలసిన పలుకుబడి మనయొద్దనే కలదు. సూర్యుడొక్కొక్క నక్షత్రమునందుండు పదమూడు పదునాలుగు దినములను రైతు కార్తె యనును. మృగశిరలో పడిన వానకును, ఆరుద్రలో పడిన వానకును, స్వాతిలో పడిన వానకును అతనికి వేర్వేరు ఫలములు. వాన చాలినదో లేదో అతడు అంగుళములతో చెప్పడు. నేల పదునైనదా లేదా యని మడకకఱ్ఱుతో చూచి చెప్పును. ఐతే కార్తె వేదవాక్యము కాదు. అది గడచిన వానల సగటు. అయనచలనమువలన కార్తెలు సుమారు 71 ఏండ్లకొక దినము చొప్పున ఋతువులనుండి జరుగుచుండును. పోరుమామిళ్ల శాసనము నాటినుండి జరిగినవి తొమ్మిది దినములు. ఆ జరుగుట నత్తనడక. ఒక్క జీవితకాలములోనే వానతీరు మాఱినదని పెద్దలు చెప్పినచో దానికి కారణము వేఱుగా వెదకవలెను.

ఆ కారణమును ఇట్లు చెప్పవచ్చును. రాక్షసిబొగ్గును చమురును కాల్చుటవలన లోకపు సగటు వేడిమి నూటయేబదియేండ్ల క్రిందటికంటె ఒక డిగ్రీకి పైగా పెరిగినది. గాలి యొక డిగ్రీ వేడెక్కినచో నూటికి సుమారు ఏడుపాళ్లు అదనముగా ఆవిరిని పట్టగలదు. ఆకాశపు కడవ పెద్దదైనదన్నమాట. పెద్దకడవ నిండుటకు ఆలస్యము, అంతవఱకు నేలలోని తేమను గూడ పీల్చుకొనును, బోర్లపడినప్పుడు కుమ్మరించును. 2009లో నైఋతి ఋతుపవనము దేశమంతట దారుణముగా తప్పినది. ఆ యేటనే అక్టోబరు మొదటివారమున తుంగభద్రయు హంద్రియు పొంగి కర్నూలు నగరమును ముంచినవి. 2021 నవంబరు 19న అప్పటి కడప జిల్లాలో చెయ్యేటిపైనున్న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకొనిపోయి ప్రాణనష్టము జరిగినది. ఈ వఱదలకు వేడిమి యొక్కటే కారణమని తేల్చుట తగదు. కాని కడవ పెద్దదగుకొలది ఇట్టివి తఱచగునని చెప్పుట న్యాయము. ఆ బొగ్గును మిక్కిలి తక్కువగా కాల్చినవాడు రెండెకరముల వేరుసెనగ రైతని చెప్పుటయు న్యాయమే.

మాటతోపాటు కొలతయు ప్రజల చేతికి వచ్చినచో ఏమగునో చూపిన ఉదాహరణ యొకటి కలదు. ఈ శతాబ్దపు మొదటి దశాబ్దమున, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, కర్నూలు, కడపలు చేరిన ఏడు కఱవుజిల్లాలలో రైతులే భూగర్భజలమును కొలుచు పని సాగినది. స్త్రీలును పురుషులును పదునైదు దినములకొకసారి బోరులోని నీటిమట్టమును కొలిచిరి; వానను ప్రతిదినము కొలిచి ఊరిలో అందఱికిని కనబడునట్లు వ్రాసిరి. యాసంగికి ముందు సభ కూడి, ఉన్న నీరెంత, వేయదలచిన పైరులకు కావలసినదెంత యని లెక్కగట్టిరి. ఎవరి నెవరును నిర్బంధింపలేదు, నీటిపన్ను వేయలేదు. లెక్క కంటబడిన పిమ్మట అనేకులు వరి తగ్గించి తక్కువనీటి పైరులకు మఱలిరి. నీరు స్వల్పమై నేల విస్తారమగుట దోషమని 1369లో రాతిపై చెక్కినది ఇదియే. ఈసారి దానిని ఊరివారు తమ గోడపై తమ తెలుగులో వ్రాసికొనిరి.

కావున వాతావరణపు మాటను ప్రజలకు చేర్పనెంచువారు వారికి భయమునో బోధనో మోసికొనిపోనక్కఱలేదు. ప్రతి బడి యావరణలో నొక వానమాపకముంచి, పిల్లలచే కొలిపించి, కార్తెలవారీగా బల్లపై వ్రాయింపవలెను. తాతలు తమ కార్తెలు తప్పిన యేండ్లను చెప్పుదురు. పిల్లలు ఆ మాటను అంకెలతో సరిచూతురు. అప్పుడు పసిఫిక్కు సముద్రపు వేడిమియు పోరుమామిళ్ల చెఱువును ఒకే రచ్చబండపై చర్చకు వచ్చును. ఆ చర్చలో రైతు శ్రోత కాడు, సాక్షి. ధాత కఱవునాడు ఆ సాక్షి నడిగినవారు లేరు. ఇకనైనను అడుగుట చదువుకొన్నవారి విధి.