డెర్బీ నాడే డ్రై డే

హైదరాబాదులో వానకాలం గుర్రప్పందేలకు దక్కన్ డెర్బీ తలమానికం. మలక్‌పేట రేస్‌కోర్సులో అది చాలా ఏళ్లు అక్టోబర్ 2నే జరుగుతూ వచ్చింది. ఆ తారీఖు ఏమిటో వేరే చెప్పాలా? గాంధీ జయంతి. వైన్సులు బంద్, బార్లు బంద్, కల్లు దుకాణాలకు తాళం. నచ్చిన గుర్రం మీద నచ్చినంత కాయొచ్చు గానీ, పైసలిచ్చి ఒక్క బీరు కొనుక్కుందామంటే రాష్ట్రం మొత్తంలో చోటు లేదు. మహాత్ముడికి మందూ గిట్టదు, గుర్రప్పందెమూ గిట్టదు. ఆయన పుట్టినరోజున సర్కారు మొదటిదాన్ని మూసి రెండోదాన్ని తెరిచి పెట్టింది. గుర్రప్పందెం నైపుణ్యంతో కూడిన ఆటే గాని వట్టి జూదం కాదని సుప్రీంకోర్టు 1996లో తేల్చింది కాబట్టి చట్టానికి చిక్కేమీ లేదు.

ఈ వింత నా కంట పడింది కోరుట్లలో ఉండే మా బామ్మర్ది పుణ్యాన. "బావా, దోస్తులం కలిసి రేసులకు పోతున్నం. క్రాఫ్టు బీరు, క్రాఫ్టు బీరు అంటున్నరు గదా, టిన్నులల్ల ఏది మంచిగుంటదో జర చెప్పరాదు" అని ఫోన్ చేసిండు. ఎన్నడు పోతున్నరంటే "రెండు తారీఖు" అన్నడు. నవ్వాపుకోవడం నావల్ల కాలేదు. అడిగినందుకు జవాబు చెప్పాలి గదా అని వెతకడం మొదలుపెడితే, దారి ఎటెటో పోయింది.

బీరు డబ్బా వయసు తొంభై ఏళ్లు దాటింది, అంతే. 1935 జనవరి 24న అమెరికాలోని రిచ్‌మండ్ పట్నంలో మొదటిసారి అమ్మకానికి పెట్టారు. నింపింది నెవార్క్‌లోని క్రూగర్ కంపెనీ. సొంతూరు వదిలి అంత దూరం ఎందుకు పోయారంటే, బెడిసికొడితే ఇంటికాడ పరువు పోవద్దని. డబ్బాలు చేసే అమెరికన్ క్యాన్ కంపెనీ 1909లోనే ఈ పనికి పూనుకుంది. రెండు చిక్కులు తెగలేదు. బీరులోని గ్యాసు ఒత్తిడికి డబ్బా అతుకులు విచ్చుకునేవి. బీరు ఇనుముకు తగిలితే రుచి చెడేది. మధ్యలో పదమూడేళ్లు అమెరికాలో మద్యనిషేధం. అది 1933లో పోయాక, లోపలి గోడలకు పూత పూసి గట్టెక్కారు. అయినా క్రూగర్ వాళ్లు జంకుతుంటే, నడవకపోతే యంత్రాల ఖర్చు మాదేనని డబ్బాల కంపెనీ పూచీ పడింది. ఆ మొదటి డబ్బా మందపాటి ఉక్కు రేకు. మొనదేలిన ఇనుప పనిముట్టుతో పైన రెండు బొక్కలు పొడిస్తే గాని బీరు రాదు. ఎట్లా పొడవాలో డబ్బా మీదే అచ్చేసి ఇచ్చేవారు.

అదే ఏడాది డిసెంబరులో ఐరోపాలో మొట్టమొదటి డబ్బా బీరు వెలిసింది. లండన్‌లో కాదు, మ్యూనిక్‌లో కాదు, వేల్స్‌లోని లనెల్లి అనే చిన్న పట్నం పక్కన, ఫెలిన్‌వోయెల్ బ్రూవరీలో. కారణం వింటే ముచ్చటేస్తుంది. లనెల్లి తగరపు పూత రేకులకు పేరుబడ్డ ఊరు. ఆర్థిక మాంద్యంతో రేకుల మిల్లులు డీలా పడ్డాయి. కొత్త గిరాకీ కావాలి. బీరుకు డబ్బా అవసరమై కాదు, రేకుకు బీరు అవసరమై అక్కడ డబ్బా పుట్టింది.

మూతకు తగిలించిన ఉంగరం కథ ఇంకా తమాషాగా ఉంటుంది. 1959లో ఎర్మల్ ఫ్రేజ్ అనే ఒహాయో ఇంజినీరు పిక్నిక్కుకు పోతూ, డబ్బా పొడిచే పనిముట్టు మరిచిపోయాడట. కారు బంపర్‌కు కొట్టి తెరుచుకున్నాడు. ఆ తిప్పలోంచే లాగితే ఊడొచ్చే మూత పుట్టింది. జనం ఆ ఉంగరాలను ఎక్కడపడితే అక్కడ పారేస్తే కాళ్లు కోసుకుపోయాయి. ఊడిరాకుండా డబ్బాకే అంటుకుని ఉండే మూత 1975లో గాని రాలేదు. ఈలోపు ఉక్కు పోయి అల్యూమినియం వచ్చింది.

ఇక నాకిష్టమైన కాలానికి వస్తాను. మలక్‌పేటలో గుర్రాలు పరుగెత్తడం మొదలైంది 1886లో. అంతకుముందు పందేలు మౌలాలిలో జరిగేవి. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ వాటిని తన మహలుకు దగ్గరగా ఉంటాయని మలక్‌పేటకు తెప్పించుకున్నాడు. అప్పటికి ఆయనకు అటూఇటూగా ఇరవై ఏళ్లు. రెండున్నర ఏళ్ల పసివాడిగా గద్దెనెక్కి, 1884లో వైస్రాయ్ రిప్పన్ చేతుల మీదుగా పూర్తి అధికారాలు అందుకుని రెండేళ్లే అయింది. చేతికి రాజ్యం రాగానే ఇరవై ఏళ్ల కుర్రాడికి ముందు కావలసింది ఏమిటి? గుర్రాలు ఇంటిముందుకు రావాలి. నాకైతే ఆ తొందరలో తప్పేమీ కనిపించదు. పురానీ హవేలీలో ఈ నాటికీ చూపించే ఆ పొడుగాటి చెక్క బీరువాల వరస ఆయన బట్టలదే. ఒకసారి తొడిగింది మళ్లీ తొడిగేవాడు కాదని చెప్పుకుంటారు. అందులో రేసులకని కుట్టించిన కోట్లు ఎన్నుండేవో అని ఆ హాలులో నడుస్తుంటే అనిపిస్తుంది.

ఆ రోజుల్లో అక్కడ బీరు తాగిన దొర చేతిలో ఏముండేది? డబ్బా అప్పటికి ఇంకా అర్ధశతాబ్దం దూరం. మనం పంటితో లాగే రేకు మూత కూడా లేదు, దాన్ని విలియం పెయింటర్ కనిపెట్టింది 1892లో. కాబట్టి బెండు బిరడా బిగించిన గాజు సీసాయే. సరుకు ఇంగ్లండ్ నుంచి ఓడలో వచ్చేది. 1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకు రైలు పడ్డాక బొంబాయిలో దిగిన సరుకుకు దారి సులువైంది. సికింద్రాబాద్ కంటోన్మెంటు నిండా తెల్ల సిపాయిలు, వాళ్లకు బీరు రేషన్‌లో భాగం లాంటిది. చల్లబరచడం వేరే యాతన. అంతకుముందు కొన్ని దశాబ్దాలు అమెరికా సరస్సుల్లో కోసిన మంచు దిమ్మలు పొట్టులో పెట్టుకుని ఓడలో మద్రాసు దాకా వచ్చేవి. మెరీనా ఒడ్డున ఐస్ హౌస్ అని ఇప్పటికీ పిలిచే భవనం ఆ మంచు దాచడానికి కట్టిందే.

1896లో బెంగళూరు నుంచి నాలుగో హుసార్స్ అనే బ్రిటిష్ గుర్రపుదళం పోలో ఆడటానికి హైదరాబాద్ వచ్చి గోల్కొండ కప్పు ఎగరేసుకుపోయింది. ఈ దేశంలో దిగి రెండు నెలలు తిరక్కముందే గెలిచిన ఆ జట్టులో ఇరవై ఒక్కేళ్ల విన్‌స్టన్ చర్చిల్ ఉన్నాడు. ఆయన పేరు మీద 13 రూపాయల బాకీ వసూలు కాలేదని బెంగళూరు క్లబ్బు పాత లెడ్జర్లో రాసి ఉంది. అది బార్ బాకీయే అయ్యుండాలని నా ఆశ.

1911లో మహబూబ్ కన్నుమూశాక పందేలు మలక్‌పేట వదిలి సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండుకు పోయాయి. ఇప్పటి హైదరాబాద్ రేస్ క్లబ్బు 1961లో ఏర్పడింది. 1968లో గుర్రాలు మళ్లీ మలక్‌పేట చేరాయి. నడుమ యాభై ఏళ్ల ముచ్చట్లు నన్నంతగా పట్టుకోలేదు.

మన దేశంలో బీరుకూ రేసులకూ ముడి వేసింది మాత్రం బీరు కంపెనీలే. థామస్ లీష్‌మన్ అనే స్కాట్లాండ్ వాడు 1915లో దక్షిణాది బ్రూవరీలను కలిపి యునైటెడ్ బ్రూవరీస్ పెట్టాడు. తర్వాత అది మాల్యాల చేతికొచ్చింది. ముంబై మహాలక్ష్మిలో జరిగే ఇండియన్ డెర్బీకి చాలా ఏళ్లు మెక్‌డొవెల్ పేరు, ఆ తర్వాత కింగ్‌ఫిషర్ అల్ట్రా పేరు తగిలించారు. మద్యం ప్రకటన వేయకూడదన్న దేశంలో గుర్రం వీపు కంటే మంచి గోడ ఏముంటుంది?

మా ఊరు రుద్రంగి చుట్టుపట్ల వాళ్లకు మలక్‌పేట కన్నా దుబాయే దగ్గర. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల, ఎటు చూసినా ఇంటికొకరు గల్ఫులో ఉన్న ఊళ్లు. అక్కడ 1996లో మొదలైన దుబాయ్ వరల్డ్ కప్పు ప్రపంచంలోనే పెద్ద డబ్బున్న పందేల్లో ఒకటి. 2010 నుంచి మేదాన్‌లో జరుగుతోంది. అక్కడి తంతు మనకు పూర్తిగా తిరగేసి ఉంటుంది. లైసెన్సున్న చోట బీరు పోస్తారు, పందెం కాయడానికి మాత్రం వీల్లేదు. పైసా కట్టకుండా ఏ గుర్రం గెలుస్తుందో ఊహించి రాసిస్తే బహుమతి ఇస్తారు. రెండు దేశాలూ చెరో సగం నిషేధించి చెరో సగం వదిలేశాయి.

ఇంతకీ మంచి డబ్బా బీరు ఏది? క్రాఫ్టు బీరు డబ్బాకు ఊపొచ్చింది 2002లో. కొలరాడోలోని ఆస్కర్ బ్లూస్ అనే చిన్న కంపెనీ, చేత్తో నడిపే యంత్రం మీద తన పేల్ ఏల్‌ను డబ్బాల్లో నింపింది. డబ్బా అంటే చవక సరుకని మూతి విరిచినవాళ్లే తర్వాత క్యూ కట్టారు. దానికి పక్కా కారణముంది. బీరుకు చేదునిచ్చే హాప్స్ మీద వెలుతురు పడితే కంపు కొట్టే పదార్థం పుడుతుంది. ఆకుపచ్చ సీసా దాన్ని ఆపలేదు, గోధుమరంగు సీసా కొంతవరకు ఆపుతుంది, డబ్బాలోకి వెలుతురు అసలే దూరదు. గాలీ తక్కువ తగులుతుంది. పైగా జనం గుమిగూడిన చోట గాజు పగిలితే మనుషులకూ గుర్రాలకూ ముప్పే.

అందుకని పేరు కంటే ముందు డబ్బా అడుగు చూడాలి. నింపిన తేదీ అక్కడో పక్కనో ఉంటుంది. మామూలు లాగర్ ఆర్నెల్లు ఆగినా, హాప్స్ ఘాటుగా వేసిన ఐపీఏ రెండు మూడు నెలలు దాటితే వాసన చచ్చిపోతుంది. మధ్యాహ్నం ఎండలో నిలబడి ఏడెనిమిది రేసులు చూడాలంటే గోధుమ బీరో, లైట్ లాగరో, 5 శాతం లోపుదే మేలు. మన దగ్గర వైన్సులో స్ట్రాంగుదే రాజ్యం. స్ట్రాంగు తాగినవాడికి నాలుగో రేసుకల్లా ప్రతి గుర్రమూ గెలిచే గుర్రంలాగే కనిపిస్తుంది. 500 మిల్లీలీటర్ల డబ్బా చేతిలోనే వెచ్చబడిపోతుంది, 330దే తీసుకోవాలి. ఒక డబ్బాకు ఒక సీసా నీళ్లు. బయట కొన్నదాన్ని చంకన పెట్టుకుని గేటు దాటుదామనుకోవద్దు. ఇరవై ఒక్కటి నిండనివాళ్లకు ఈ పేరా వర్తించదు. తిరుగుప్రయాణంలో స్టీరింగ్ పట్టేవాళ్లకు కూడా.

ఇదంతా రాస్తూ పోతుంటే నాకు కల్లు మీదే గుబులు. బీరు ఆగుతుంది, కల్లు ఆగదు. అంతకంటే తేడా లేదు. తెల్లారగట్ల గౌడన్న మోకు వేసుకుని ఈతచెట్టెక్కి, గీత దగ్గర కత్తితో పల్చటి పొర తీసి, నిండిన లొట్టి దించి కొత్తది కడతాడు. దించేటప్పటికే నురగ చిటచిటమంటుంటుంది. గాల్లోని ఈస్టు, లొట్టిలో మిగిలిన ఈస్టు రాత్రంతా పని చేసి ఉంటాయి. పొద్దున తియ్యన, మధ్యాహ్నానికి పులుపు, మర్నాటికి సిర్కా. మూత బిగిస్తే గ్యాసు కట్టి పగులుతుంది. అందుకే దానికి తగ్గ గిన్నె తాటాకు రేక. ఆకు మడిచి పట్టుకుంటే ఒంచి పోస్తారు, తాగి పారేస్తే మట్టిలో కలుస్తుంది. క్రూగర్ వాళ్లు పారేసే గిన్నె కనిపెట్టామని మురిసిపోయారు గానీ, అది చెట్టు కింద ఎప్పటినుంచో ఉంది.

ఆగని సరుకును ఆగేలా చేయాలని మన సర్కార్లూ చూశాయి. నిజాం కాలం నుంచీ ఆబ్కారీ ఖజానాకు కామధేనువే. 1980ల్లో ఎన్టీఆర్ ప్రభుత్వం వారుణి వాహిని పేరుతో సారాను ప్యాకెట్లలో నింపి ఊళ్లకు పంపింది. ఆ ప్యాకెట్టే నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ల చేతిలో ఉద్యమమై, 1993లో సారా బంద్ అయింది. 1995లో పూర్తి మద్యనిషేధం పెట్టారు, రెండేళ్లకే ఎత్తేశారు. కల్లును మాత్రం ఎవరూ ప్యాకెట్టు కట్టలేకపోయారు. గిరాకీకి సరిపడా చెట్లు లేని చోట క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం కలిపిన మందుకల్లు దాని పేరు చెడగొట్టింది. చెట్టు మీద కల్లు చేసిన పాపం ఏమీ లేదు. హైదరాబాదులో 2004లో కల్లు దుకాణాలు మూసి, పదేళ్లకు మళ్లీ తెరిచారు. ఈలోపు ఒక తరం బీరుకు అలవాటుపడిపోయింది. చెట్టెక్కే కొడుకులు దుబాయ్ విమానం ఎక్కారు.

హైదరాబాదు మైక్రోబ్రూవరీల సంగతి చూస్తే నవ్వొస్తుంది. అక్కడ కాచిన బీరు అక్కడే గ్లాసుల్లో పోయాలి, సీసాకెత్తి బయటికి అమ్మడానికి కాదు. తాజాదనమే దాని ఖరీదు. మండువలో బెంచీ మీద కూర్చుని ఆ పూట దించిన కల్లు తాగేవాడికి ఇదే భోగం చిల్లర పైసలకు దొరికేది. నెక్లెస్ రోడ్డులో 2023లో నీరా కేఫ్ తెరిచారు. మంచిదే. కానీ నీరా అంటే పులియక ముందు ఆపిన రసం, కల్లు కాదు. శ్రీలంకలో కొబ్బరి కల్లును సీసాల్లో నింపి అమ్ముతారు. మన ఈతకల్లును ఎవరైనా కల్తీ లేకుండా డబ్బాకెక్కిస్తే మొదటి పెట్టె నేనే కొంటాను, రేసులకూ పట్టుకుపోతాను. కానీ పొద్దున ఏడింటికి రుద్రంగిలో చెట్టు కింద నిలబడే వీలున్న రోజున ఆ డబ్బా ఫ్రిజ్‌లోనే ఉంటుంది.