బస్తరు నదులు, ఒంటరి నావ

నీటిమీద ఒంటరిగా నిలువగల ధైర్యం మనిషికి ఎక్కడినుండి వస్తుంది? సాహసంలోనుండియా, పరిచయంలోనుండియా? సముద్రమన్నది లేని బస్తరు సీమను, దాని నదులు చేరే గోదావరిని చూచినవారికి ఈ ప్రశ్నకు సమాధానం కొంత దొరుకుతుంది.

ఇంద్రావతి కాలహండి కొండలలో పుట్టి, జగదల్‌పూర్ మీదుగా సాగి, చిత్రకోట వద్ద సుమారు 95 అడుగుల ఎత్తునుండి దూకి, భద్రకాళి వద్ద గోదావరిలో కలుస్తున్నది. శబరి కుంట మీదుగా వచ్చి కూనవరం వద్ద అదే గోదావరిని చేరుతున్నది. కుంట, భోపాలపట్నం ప్రాంతాలలో తెలుగు వినబడుతుంది. నీటిబాటలే ఈ రెండు సీమలకూ పూర్వపు బంధువులు. అడవి కలప తెప్పలుగా శబరి మీదుగా రాజమహేంద్రవరం చేరేది.

ఇక్కడ తొలి గురువు దోనె. ఒక్క మానును తొలచి చేసిన ఆ పడవలో ఒక్కడే కూర్చుండి ఒక్క తెడ్డుతో నడుపుతాడు. నీటి రంగు మారితే లోతెంతో, పైకి మడత పడిన అల కింద బండ ఉన్నదో లేదో కంటికీ చేతికీ తెలియవలె. ఈ అక్షరాలు వచ్చినవానికే తెరచాప అక్కరకు వస్తుంది. దిగువ గోదావరిలో ఎదురేట పోయే పడవకు సముద్రపు దిక్కుగాలి తెర నింపేది. గాలి పడిపోతే గట్టుమీదినుండి తాడుతో లాగేవారు. పడవలో తోడు లేనివానికి చుక్కాని ఒక చేత, తెర తాడు మరొక చేత ఉంటాయి. గాలి చెలరేగిన క్షణాన తాడును బిగపట్టినవాడు బోల్తాపడతాడు. సమయమెరిగి వదలినవాడు గట్టెక్కుతాడు. వదలవలసిన ఘడియ తెలియడమే ధైర్యంలో సగం.

ఈ నదిని రాతితో లొంగదీయాలని 1860 దశకంలో ఇంజనీర్లు తలపెట్టారు. నాగపూరు, బేరారు దేశాల ప్రత్తిని కాకినాడ రేవుకు దింపుటకై హేగ్ ఆధ్వర్యాన దుమ్ముగూడెం వద్ద ఆనకట్ట, లాకులు కట్టారు. ఇంచంపల్లి వద్ద, ఇంద్రావతీ సంగమానికి కొంత దిగువన, రెండవ అవరోధం. ఖర్చు పెరిగింది, 1867లో రైలు బొంబాయినుండి నాగపూరు చేరింది, 1871లో పనులు ఆగిపోయాయి. యంత్రాలు వచ్చిన తరువాత కూడ నది తన స్వభావం మార్చుకోలేదు. 2019 సెప్టెంబరు 15న, గోదావరి వరదపోటు మీద ఉండగా, కచ్చులూరు వద్ద విహార లాంచీ మునిగి అనేకులు ప్రాణాలు కోల్పోయారు. ఇంజను ఉన్నంత మాత్రాన ప్రవాహాన్ని చదివే కన్ను అనవసరం కాదు.

ఈ మాట మహాసముద్రానికీ చెల్లుతుంది. నౌకాదళపు కమాండర్ దిలీప్ దోందే 2009 ఆగస్టులో ముంబాయినుండి బయలుదేరి, 2010 మే నెలలో భూప్రదక్షిణ ముగించి తిరిగివచ్చాడు. ఒంటరిగా తెరచాప పడవలో ఈ పని చేసిన తొలి భారతీయుడతడు. నాలుగు రేవులలో ఆగాడు. ఆ యాత్రకు ముందు కొన్ని సంవత్సరాల శిక్షణ ఉన్నది. గోవాలో కట్టిన 56 అడుగుల 'మాదేయి' నిర్మాణాన్ని అతడు దగ్గరుండి చూచాడు. తన పడవలోని ప్రతి కీలూ తెలిసినవానికి రాత్రి అంత భయంకరంగా ఉండదు. అనంతరం 2012–13లో అదే పడవలో అభిలాష్ టోమీ ఎక్కడా ఆగక ప్రదక్షిణ చేశాడు.

తన దోనెను తానే తొలచుకొన్న ఇంద్రావతి నావికునికీ, మాదేయి సరంగుకూ మధ్య దూరం చాలా ఉన్నది. వారి విద్య ఒక్కటే. చిన్న ఏట మొదలై, ఒక్కొక్క సుడిని పేరుపేరునా ఎరిగి, తోడు ఉన్ననాడే తోడు లేని నాటికి సిద్ధపడడం. ఆ విద్యలో తొందర పనికిరాదు. నదికి తొందర లేదు గనుక, దాని శిష్యునికీ ఉండరాదు.