అందరూ విన్న మాట

2002 డిసెంబరు 5, గురువారం. వాషింగ్టన్‌లోని డర్క్‌సన్ సెనేట్ భవనంలో సెనేటర్ స్ట్రామ్ తర్మండ్ నూరేళ్ల పుట్టినరోజు పండగ. మార్లిన్ మన్రో వేషం కట్టిన ఒకావిడ ముసలాయనకు శుభాకాంక్షల పాట పాడింది. నవ్వులు, చప్పట్లు. అప్పుడు లేచాడు ట్రెంట్ లాట్, సెనేట్‌లో రిపబ్లికన్ పక్ష నాయకుడు. నెల తిరిగితే మెజారిటీ నాయకుడి కుర్చీ ఆయనదే.

"ఈయన అధ్యక్ష పదవికి పోటీ చేసినప్పుడు మా మిసిసిపి ఈయనకే ఓటేసింది. అందుకు గర్వపడుతున్నాం. మిగతా దేశం కూడా మా దారిలో నడిచి ఉంటే, ఇన్నేళ్లుగా ఈ సమస్యలన్నీ మనకు ఉండేవి కావు."

తర్మండ్ పోటీ చేసింది 1948లో. నల్లవాళ్లు, తెల్లవాళ్లు వేరువేరుగానే ఉండాలన్న జెండా పట్టుకుని. గెలిచింది నాలుగే రాష్ట్రాలు, అన్నీ దక్షిణాదివే.

గది నిండా పెద్దమనుషులు. విలేకరులూ ఉన్నారు. సీ-స్పాన్ కెమెరా తిరుగుతూనే ఉంది. ఒక్కసారి ఊపిరి బిగబట్టినట్టు నిశ్శబ్దం, ఆ తర్వాత పండగ మళ్లీ మామూలే.

ఏబీసీ కుర్ర విలేకరి ఎడ్ ఓకీఫ్‌కు మాత్రం ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. పై వాళ్లకు చెప్పాడు. తెల్లవారుజామున నాలుగున్నర బులెటిన్‌లో ఒకసారి వచ్చింది, అంతే. శనివారం వాషింగ్టన్ పోస్ట్‌లో థామస్ ఎడ్సల్ కథనం అచ్చయింది, ఆరో పేజీలో.

ఎందుకిలా? కుట్రేం కాదు, అలవాటు. మన డెస్కుల్లో కూడా రాత్రి పదింటికి వినబడే ప్రశ్నే అది: "ఎవరైనా ఖండించారా?" ఎదుటి పక్షం నోరు విప్పితేనే వివాదం, వివాదమైతేనే వార్త. అక్కడ ఎదుటి పక్షమైన డెమోక్రాట్ల నాయకుడు టామ్ డాష్‌లే సోమవారం లాట్ సంజాయిషీని ఒప్పేసుకున్నాడు కూడా. వార్తకు కావలసిన గొడవ లేదు.

వదలనిది బ్లాగర్లు. టాకింగ్ పాయింట్స్ మెమో అనే తన బ్లాగులో జాష్ మార్షల్ పొద్దూ మాపూ దాని మీదే రాశాడు. చరిత్ర చదువుకున్నవాడు, 1948 అంటే ఏమిటో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఏట్రియోస్ అనే మారుపేరుతో రాసే ఇంకొకాయన ఆనాటి మిసిసిపి నమూనా బ్యాలెట్ వెతికి పెట్టాడు. అప్పటి అధ్యక్షుడు ట్రూమన్ మనుషులకు ఓటేస్తే, నల్లవాళ్లను మూక కొట్టి చంపడాన్ని నిషేధించే చట్టం వచ్చేస్తుందని, మన బతుకుతీరే పోతుందని అందులో హెచ్చరిక! లాట్ ఏ దారిని మెచ్చుకున్నాడో ఆ ఒక్క కాగితం చెప్పేసింది. ఇది రోజు తిరిగితే పాతబడే సమాచారం కాదు. పత్రికలకు తీరిక లేక వదిలేసిన జ్ఞాపకం.

నా దృష్టిలో అసలు దెబ్బ కొట్టింది అవతలి శిబిరం. ఇన్‌స్టాపండిట్ బ్లాగు రాసే టెన్నెసీ న్యాయశాస్త్ర ప్రొఫెసర్ గ్లెన్ రేనాల్డ్స్, మరో బ్లాగర్ ఆండ్రూ సలివన్ లాట్‌ను ఏకిపారేశారు. ఇద్దరికీ డెమోక్రాట్ల తరఫు వాళ్లన్న పేరు లేదు. ఇక ఇది పార్టీల తగవులే అని కొట్టిపారేయడానికి వీల్లేకపోయింది.

ఒక మాట ఒప్పుకోవాలి. బ్లాగర్లు ఆ గదిలో లేరు. ఓకీఫ్ చెవి, ఎడ్సల్ కలం లేకపోతే వాళ్ల చేతికి ఏమీ అందేది కాదు. వాళ్లు వార్త తేలేదు, వార్తను చావనివ్వలేదు.

సోమవారం రాత్రికి లాట్ క్షమాపణ ప్రకటన. 1980లో మిసిసిపిలోని జాక్సన్‌లో జరిగిన సభలోనూ ఇంచుమించు ఇదే మాట అన్నాడని ఆ వారంలోనే బయటపడింది. ఇక నోరు జారిందంటే నమ్మేవాడెవడు? 12న ఫిలడెల్ఫియాలో అధ్యక్షుడు బుష్, సొంత పార్టీ వాడన్న మొహమాటం లేకుండా, అలాంటి మాటలు తప్పని సభలోనే అన్నాడు. 16న లాట్ నల్లవారి చానెల్ బీఈటీలో కూర్చుని మళ్లీ బతిమాలుకున్నాడు. 20న పక్ష నాయకత్వం వదులుకున్నాడు. ఆ కుర్చీలోకి బిల్ ఫ్రిస్ట్ వచ్చాడు.

సెనేటర్ పదవి మాత్రం చెక్కుచెదరలేదు. నాలుగేళ్లకు, 2006 నవంబరులో, రిపబ్లికన్ సెనేటర్లు తమ విప్‌ను ఎన్నుకున్నారు. 25 ఓట్లకు 24. ఒక్క ఓటు తేడాతో గెలిచింది ట్రెంట్ లాటే.